తాళం పెట్టెలో ఫోను, కంప్యూటర్లో మోడెం

దుప్పట్ల కోసం ట్రంకు పెట్టె తిరగేస్తూ నువ్వు బయటికి లాగిన ఆ పచ్చ పలక రేడియో ముక్క కాదు, బ్లెస్సీ. దాని పేరు మోడెం. ఫ్యాక్స్ మోడెం. ఫోను తీగకీ కంప్యూటరుకీ మధ్య కూర్చుని, ఇక్కడి కాయితాన్ని కూతగా మార్చి పంపడం, అక్కడి కూతని కాయితంగా మార్చి చూపించడం దాని పని. కంప్యూటరు పొట్ట విప్పి లోపల బిగించాలి. రాసుకుంటానన్నావు కాబట్టి చెబుతాను. కానీ చెప్పింది చెప్పినట్టు రాయాలి. మీ తాతయ్య పరువు పోతుందనీ, ముత్తాతగారి ఫొటోకి కోపం వస్తుందనీ మధ్యలో మాటలు మింగావంటే నేను ఊరుకోను. ఆ ఫొటోలో ఆయన ఎంత శాంతంగా ఉన్నారో చూశావుగా. ఫోను తాళం చెవి జేబులో ఉన్నప్పుడు ఆయన ఎప్పుడూ అంత శాంతంగానే ఉండేవారు.

నేను రేపల్లె నుంచి తెనాలి కోడలిగా వచ్చేటప్పటికి ఆ ఇంట్లో కింద టైపు ఇన్‌స్టిట్యూటు, పైన కాపురం. తెల్లారి ఐదింటికి మావయ్యగారు, అదే మీ ముత్తాతగారు, కీర్తన ఎత్తుకునేవారు. ఆరింటికి అమృతలూరు బస్సు దిగిన ఆడపిల్లలు కింద మిషన్ల ముందు కూర్చునేవాళ్ళు. పైన అత్తయ్య కాఫీ గింజలు వేయించే వాసన, కింద నుంచి మిషన్ల నూనె, రిబ్బను సిరా వాసన, మావయ్యగారి మోకాళ్ళ నుంచి నీలగిరి తైలం వాసన. ఈ మూడూ మెట్ల మీద కలుసుకునేవి. ఆ వాసన ఇప్పుడు నాకు ఎక్కడా దొరకదు, దొరకాలని పెద్ద కోరికా లేదు. మావయ్యగారు మిషనరీల బడిలో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. బడి ఆయన్ని వదిలింది కానీ, ఆయన బడిని వదల్లేదు. ఇంట్లో అందరం హాజరు పలకాల్సిందే. మీ తాతయ్య జాకబుగారు ముప్పై ఏళ్ళ మనిషై ఉండి కూడా, సినిమాకి వెళ్ళాలంటే సెలవు చీటీ రాసే పిల్లాడిలా గుమ్మంలో నిలబడేవారు.

ఆ ఇంటికి అసలు యజమాని మాత్రం ఫోను. టేకు పెట్టె చేయించి అందులో పెట్టారు దాన్ని. ముందు చిన్న తలుపు, తలుపుకి ఇత్తడి తాళం, పైన అత్తయ్య అల్లిన లేసు గుడ్డ. తాళం చెవి మావయ్యగారి కళ్ళజోడు డబ్బాలో ఉండేది. ఎవరైనా ఫోను చేసుకోవాలంటే ఎవరికి, ఎందుకు, ఎంతసేపు అన్నది ముందు విన్నవించుకోవాలి. అప్పుడు ఆయన కళ్ళజోడు పెట్టుకుని, తాళం తీసి, నంబరు తానే తిప్పి, ముందు తానే మాట్లాడేవారు. "వందనాలండి, నేను హెడ్మాస్టర్ని మాట్లాడుతున్నా. మా కోడలు ఏదో చెప్పుద్దంట, ఇస్తున్నా" అని రిసీవరు నా చేతికిచ్చి, గడియారం చూస్తూ పక్కనే నిలబడేవారు. రేపల్లెలో మా అమ్మ పక్కింటి వాళ్ళ ఫోను దగ్గరికి పరిగెత్తుకొచ్చేది. "బాగున్నావా?" "బాగున్నానమ్మా." "సరే, ఉంటా మరి." నాలుగేళ్ళు మేమిద్దరం మాట్లాడుకున్నది ఇంతే. ఇక ఆయన ఊరెళ్ళారంటే ఫోను తాళంలోనే మోగి మోగి ఊరుకునేది. గంప కింద మూసిన కోడిపుంజు కూస్తున్నట్టుండేది. అందరం వినేవాళ్ళం, ఎవ్వరం ఎత్తేవాళ్ళం కాదు.

ఇలాంటి ఇంట్లోకి మీ తాతయ్య మోడెం తెచ్చారు. అప్పటికే ఇన్‌స్టిట్యూటులో ఒక కంప్యూటరు ఉంది. దాని మీద పూల గుడ్డ, గదిలో చెప్పులు లేకుండా నడవడం, అదంతా మామూలే. స్టేషను ఎదురుగా జిరాక్సు షాపు ఆయన ఫ్యాక్స్ మిషను పెట్టాడు. షాపు ముందు జనం. మీ తాతయ్యకి కడుపు మండింది. ఫ్యాక్స్ మిషను కొనేంత తాహతు లేదు, కొనలేదని ఒప్పుకునే అలవాటూ లేదు. బెజవాడ వెళ్ళి వెండి రంగు సంచీలో దీన్ని పెట్టుకొచ్చి, "ఇది ఉంటే మిషనే అక్కర్లేదు, కంప్యూటరే ఫ్యాక్స్ అయిపోద్ది" అన్నారు. బిగించడానికి మనిషిని పంపుతామని షాపు వాళ్ళంటే వద్దన్నారట. "నేను లేనా?" అన్నారట. ఉన్నారు, నిజమే. అదే వచ్చిన చిక్కు.

ఆదివారం గుడి నుంచి రాగానే నేల మీద పేపర్లు పరిచి కంప్యూటరు డబ్బా దించారు. స్క్రూడ్రైవరు పెట్టబోతుంటే మావయ్యగారు చెయ్యెత్తారు.

"ఆగరా జాకబూ. ప్రార్థన లేకుండా ఈ ఇంట్లో సబ్బుబిళ్ళ కూడా విప్పలేదు."

అది నిజం. సైకిలుకీ, గ్రైండరుకీ, నా కుట్టుమిషనుకీ అన్నిటికీ అయింది ప్రార్థన. మోడెంకి మాత్రం కొంచెం ఎక్కువే అయింది. తీగల కోసం స్తోత్రం, స్తంభాల కోసం స్తోత్రం, స్తంభాలెక్కే లైన్‌మన్ల కోసం స్తోత్రం. "ఈ యంత్రము ద్వారా మా ఇంటికి సత్యమైన వర్తమానములే వచ్చుగాక" అని కూడా అన్నారు. నేను ఆమెన్ గట్టిగానే చెప్పాను. ప్రార్థన కరెంటు దాకా వచ్చేసరికి కరెంటు పోయింది. మీ తాతయ్య ఆ చీకట్లోనే డబ్బా మూత లాగి లోపల చెయ్యి పెట్టారు. మోడెంతోపాటు వచ్చిన ఇంగ్లీషు కాయితం నేను కిటికీ దగ్గర చదువుతున్నాను.

"ఏవండీ, ముందు ప్లగ్గు పీకమని రాసుందండి."

"నాకు తెలీదా?" అంటూ చెయ్యి బయటికి తీసి ప్లగ్గు పీకారు. పీకగానే కరెంటొచ్చింది. ఆ రోజు ప్రార్థన ఆయన్ని కాపాడిందని మావయ్యగారు చివరిదాకా అనేవారు. కరెంటు కోత కాపాడిందని నేనంటాను. ఇద్దరిలో ఎవరిది రైటో నువ్వే రాసుకో.

వెనకాల రేకుముక్క ఊడదీయడానికి అరగంట పట్టింది. ఊడదీసిన మరలు అత్తయ్య స్టీలు గ్లాసులో వేశారు. ఒకటి మాత్రం గ్లాసులో పడకుండా డబ్బాలోనే పడింది. దానికోసం తండ్రీకొడుకులిద్దరూ డబ్బా తలకిందులు చేసి, చింతపండు రాని జాడీని కుదిపినట్టు కుదిపారు. ఆ తర్వాత కార్డు, అదే ఈ పచ్చ పలక, దిగలేదు. ఎక్కడ దిగుతుంది, లోపల కార్డు దిగే గాడులు రెండు రకాలు. ఈయన పొట్టి తెల్లదాంట్లో పెట్టి నొక్కుతున్నారు.

"పొడుగు నల్లదాంట్లోనండి. బొమ్మ కూడా వేశారు ఇక్కడ."

"నువ్వెళ్ళి వంట చూడు సుగుణా."

నేను వంట చూశాను. చారు పోపు పెట్టి వచ్చేసరికి కార్డు నల్లదాంట్లో ఉంది. "ఎంత తేలిగ్గా దిగిందో చూశావా!" అన్నారు.

దిగింది కానీ పని చెయ్యదు. ఫోను తీగ పెట్టడానికి వెనకాల రెండు బెజ్జాలున్నాయి. గోడ నుంచి వచ్చేది ఒకదాంట్లో, పెట్టెలో ఫోనుకి వెళ్ళేది ఇంకోదాంట్లో పెట్టాలి. ఈయన తిరగేసి పెట్టారు. అది సరిచేశాక మోడెం లేచింది కానీ మౌసు చచ్చింది. మోడెం ఆపితే మౌసు లేచేది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు నోరు మూసుకోవడం ఆ ఇంట్లో కొత్తేమీ కాదు కాబట్టి నేను ఆశ్చర్యపోలేదు. మీ తాతయ్య రెండు రోజులు మౌసునీ, బెజవాడ షాపునీ, ఆ షాపు వాళ్ళ తాతల్నీ తిట్టారు. మూడో రోజు ఆయన చర్చి కమిటీకి వెళ్ళినప్పుడు నేను ఆ కాయితం మళ్ళీ చదివాను. కార్డు మీద నల్లటి చిన్న టోపీ ఒకటి ఉంటుంది, చింతగింజలో సగం కూడా ఉండదు. మోడెం, మౌసు ఒకే దారికి పోటీపడుతుంటే ఆ టోపీని పక్క పుల్లల మీదికి మార్చాలట. ప్లగ్గు పీకి, మూత తీసి, జడపిన్నుతో టోపీ ఎత్తి పక్కకి పెట్టాను. రెండూ పనిచేశాయి. సాయంత్రం మీ తాతయ్య వచ్చి మౌసు కదిపి చూసి, "నేను నిన్న బిగించిన బిగింపుకి ఇవ్వాళ సర్దుకుంది" అన్నారు. తెనాలంతా అదే చెప్పారు. నువ్వు కూడా చిన్నప్పటి నుంచీ అదే విని ఉంటావు.

మొదటి ఫ్యాక్స్ ఎవరికి పంపాలి? మాకు తెలిసిన వాళ్ళెవరికీ ఫ్యాక్స్ లేదు. ఆలోచించి ఆలోచించి రేపల్లెలో ఒక జిరాక్సు షాపు నంబరు సంపాదించారు. మావయ్యగారు ఇంగ్లీషులో రెండు పేజీల శుభాకాంక్షలు చెప్పారు, నేను కొట్టాను. వెళ్ళింది. పావుగంటకి ఆ షాపు ఆయనే ఫోను చేశాడు. "ఎవరండీ మీరు? మాకేమవుతారండీ? కొత్త కాయితం చుట్ట వేశానండీ, సగం మీ వందనాలకే అయిపోయింది."

మర్నాడే బయట బోర్డు పెట్టారు, ఇచ్చట ఫ్యాక్స్ చేయబడును అని. మొదటి బేరం రొయ్యల చెరువు ఉన్న ఒక పెద్దాయన. చేతిరాత కాయితం, కింద సంతకం, రబ్బరు ముద్ర.

"కాయితం ఎక్కడ పెట్టాలండీ?" అన్నాడాయన.

మీ తాతయ్య కంప్యూటరు ముందు చూశారు, వెనక చూశారు. ఫ్లాపీ పెట్టే సందు వైపు కూడా ఒక చూపు చూశారు, నేను గమనించలేదనుకున్నారు. కాయితం పెట్టే చోటు దానికి లేదు బ్లెస్సీ! కాయితాన్ని చూడగలిగే యంత్రం వేరే ఉంటుందనీ, అది లేకపోతే కంప్యూటర్లో కొట్టిందే వెళుతుంది తప్ప చేతిలో ఉన్నది వెళ్ళదనీ ఆయనకి ఆ క్షణం దాకా తెలియదు.

"మా ఆవిడ మళ్ళీ నీట్‌గా కొట్టుద్దండి" అన్నారు.

"మరి నా సంతకం?"

"అది కూడా కొట్టుద్దండి."

ఆ పెద్దాయన నా వైపు జాలిగా చూసి, కాయితం మడిచి జేబులో పెట్టుకుని స్టేషను ఎదుట షాపుకి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి మా ఫ్యాక్స్ లెటర్‌హెడ్ మీద నంబరుగా మిగిలింది. మావయ్యగారు దానికి కూడా క్రమశిక్షణ పెట్టారు. పెద్దవాళ్ళు ఎత్తకముందు యంత్రం ఎత్తకూడదన్నారు. అందుకని ఫోను ఐదుసార్లు మోగాకే మోడెం ఎత్తేటట్టు నేను పెట్టాను. ఆయన ఇంట్లో ఉంటే రెండోసారి మోగేసరికే రిసీవరు ఆయన చెవి దగ్గరుండేది. ఇక మోడెంకి పనేముంది.

అసలు సంగతికి వస్తున్నా. బాపట్లలో ఆడపిల్లల కాలేజీ ఒకదాంట్లో టైపు నేర్పే మనిషి కావాలని పేపర్లో పడింది. కంప్యూటరు కూడా తెలిసి ఉండాలన్నారు. మీ నాన్నకి అప్పుడు మూడేళ్ళు. నేను దరఖాస్తు పెడతానంటే మావయ్యగారు వద్దనలేదు. ఆయన ఎప్పుడూ వద్దనరు. "పెట్టమ్మా, ప్రార్థన చేద్దాం" అన్నారు. రాదనుకున్నారు. మీ తాతయ్య లెటర్‌హెడ్ మీదే కొట్టి పంపాను. ఇంటర్వ్యూలో ప్రిన్సిపాలు మేడం, "కంప్యూటరు గురించి ఏం తెలుసమ్మా?" అంది. కాలేజీ వాళ్ళూ అలాంటి మోడెమే కొన్నారట, మౌసు చస్తుందట. నేను నల్ల టోపీ సంగతి చెప్పాను. ఆవిడ నవ్వి గుమాస్తాని పిలిచి, "ఈవిడ చెప్పింది రాసుకో" అంది. ఉద్యోగం నాదేనని ఆ నవ్వులోనే తెలిసిపోయింది. తిరుగు రైల్లో అప్పికట్ల దాటేదాకా నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను. నాకు ఆ జీతం కంటే, పొద్దున్నే తలుపు దాటి వెళ్ళి సాయంత్రం నా అంతట నేను రావడం కావాలి. ఎవరికీ విన్నవించుకోకుండా. అంతే నేను కోరింది.

వారంలో చెబుతామన్నారు. వారమైంది, పది రోజులైంది. రోజూ మధ్యాహ్నం పోస్టుమాను సైకిలు గంట కోసం మెట్ల మీద నిలబడేదాన్ని. పైకి వస్తే మావయ్యగారు ఫోను పెట్టె పక్కన పడక్కుర్చీలో కూర్చుని ఉండేవారు.

"బాపట్ల నుంచి ఏమైనా వచ్చిందాండీ?"

"ఏమీ రాలేదమ్మా. దేవుని చిత్తం" అనేవారు. ఆ గొంతులో ఎంత జాలో! ఆ జాలికి నాకు ఏడుపొచ్చేది.

తర్వాతి గురువారం ఆయన రేపల్లెలో సభలకని పొద్దున్నే వెళ్ళారు. వెళ్ళేముందు పెట్టె తాళం లాగి చూసుకుని, కళ్ళజోడు డబ్బా జేబులో వేసుకున్నారు. నేను కింద ఏదో స్కూలు ప్రశ్నపత్రం కొడుతున్నాను. పైన పెట్టెలో ఫోను మోగింది. ఒకటి, రెండు, మూడు. అలవాటు కొద్దీ ఎవ్వరం కదల్లేదు. ఐదోసారి మోగగానే నా మోకాలి పక్కన కంప్యూటరు కూత పెట్టింది. అంతవరకూ మా ఇంటికి ఒక్క ఫ్యాక్స్ కూడా వచ్చి ఎరగం. తెర మీద ఒక గీత, దాని కింద ఇంకో గీత, మగ్గం మీద గుడ్డ దిగినట్టు కాయితం దిగుతోంది. మొదట కాలేజీ ముద్ర కనిపించింది. తర్వాత నా పేరు.

అందులో ఉన్నదేమిటంటే, నన్ను ఎంపిక చేసి రెండుసార్లు ఫోను చేశారట. రెండుసార్లూ మా మావయ్యగారు మాట్లాడి, మా కోడలికి ఇప్పుడు ఉద్యోగం చేసే ఉద్దేశం లేదు, క్షమించండి అన్నారట. వద్దని అభ్యర్థి తానే రాసి ఇస్తే తప్ప ఒప్పుకోనని మేడం అన్నదట. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపల సంతకం చేసిన అంగీకార పత్రంతో స్వయంగా రాకపోతే తర్వాతి పేరు వారికి ఇస్తామని ఉంది. శుక్రవారమంటే రేపు.

నేను దాన్ని ప్రింటుకి పెట్టాను. ఆ ప్రింటరు రంపం కోతలా అరిచేది. ఆ అరుపుకి మీ తాతయ్య వచ్చి నా భుజం మీదుగా చదివారు. చదివి చెమట తుడుచుకున్నారు.

"నాన్నగారు ఏదో మంచికే అనుంటారు. నేను సమయం చూసి కదుపుతాలే."

"రేపు పన్నెండింటికి అయిపోద్దండి సమయం."

"అదే, ఆలోగా చూస్తాలే" అని, తెరిచే ఉన్న స్క్రూడ్రైవర్ల డబ్బా మళ్ళీ తెరిచి అందులో ఏదో వెతుక్కుంటూ కూర్చున్నారు. సాయంత్రం దాకా వెతికారు. ఆ తండ్రితో మాట్లాడటానికి పనికొచ్చే పనిముట్టు అందులో దొరకలేదు.

ఇక్కడ ఒక మాట అడుగుతా. నువ్వు రోజూ అంటావుగా, పాతరోజుల్లో మనుషులు ఎంత ప్రేమగా ఉండేవాళ్ళో అని. ఉండేవాళ్ళు. మావయ్యగారు నన్ను ప్రేమించలేదని నేననను. నాకు జ్వరమొస్తే బత్తాయిలు తెచ్చి తొనలు ఒలిచి పెట్టిన మనిషి. కానీ నా పేరున వచ్చిన మాటని నాకు రాకుండా మింగేసి, పక్కనే కూర్చుని జాలిపడ్డ మనిషి కూడా ఆయనే. ఇప్పుడు మీ నాన్న నేను పంపిన మెసేజీ చూస్తాడు, చూసినట్టు నీలం గీతలు కూడా పడతాయి, జవాబివ్వడు. నాకు ఒళ్ళు మండుతుంది. కానీ ఆ మంట నా ఫోన్లో నా కళ్ళ ముందే ఉంటుంది. వాడి నిర్లక్ష్యాన్ని వాడే నాకు నేరుగా పంపిస్తున్నాడు, మధ్యలో ఎవరి జాలీ లేదు. రెండిట్లో ఏది మేలంటే, నేను ఇదే తీసుకుంటాను. ప్రేమగా ఉండేవాళ్ళని రాసుకో, పక్కనే ఇది కూడా రాసుకో.

మావయ్యగారు రాత్రే తిరిగొచ్చారు. శుక్రవారం పొద్దున్న ఇడ్లీ. ఆ ఇంట్లో మావయ్యగారు ప్రార్థన చెయ్యందే ఎవ్వరూ ముద్ద ముట్టరు. నేను ఆయన పళ్ళెం పక్కన ఆ కాయితం పెట్టి, దాని మీద మంచినీళ్ళ గ్లాసు పెట్టాను. నేను అప్పటికే బయటికెళ్ళే చీర కట్టుకుని ఉన్నాను.

"ప్రార్థన చెయ్యండి మావయ్యగారూ. ఇడ్లీ చల్లారిపోద్ది."

"ఏంటమ్మాయ్ ఇది?"

"బాపట్ల నుంచి వచ్చిందండి. నిన్న మీరు ఊళ్ళో లేనప్పుడు."

"పెట్టెకి తాళం వేసే వెళ్ళానే!" అన్నారు.

అదీ ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట. ఏం వచ్చింది, ఎవరు పంపారు, అవేవీ కాదు. అత్తయ్య చేతిలో చట్నీ గరిటె గిన్నె మీదే ఆగిపోయింది. మీ తాతయ్య ఇడ్లీలో ఏదో మర పడిపోయినట్టు దాన్నే చూస్తున్నారు.

"పది రోజులు అడిగానండి మిమ్మల్ని. ఏమీ రాలేదన్నారు."

"కాయితం రాలేదన్నా. ఫోనొచ్చిందా అని నువ్వడగలేదు" అన్నారు హెడ్మాస్టరుగారు. కళ్ళజోడు సవరించుకుని, "పిల్లాడు చిన్నోడు. రోజూ రైలు ప్రయాణం. నీ మంచికేనమ్మా" అన్నారు.

"నా మంచి సంగతి నాకొక మాట చెప్పాల్సిందండి" అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన మొదలెడతారేమోనని అందరం తలలు వంచాం. ఇంట్లో సబ్బుబిళ్ళకి దొరికిన మాటలు ఆ కాయితానికి దొరకలేదు. నేను తలెత్తి రెండు ఇడ్లీలు తినేశాను. ఆ ఇంట్లో ప్రార్థన లేకుండా నేను తిన్న మొదటి ఇడ్లీలు అవి, గొంతులో అడ్డం పడతాయనుకున్నా, పడలేదు. అంగీకారపత్రం సంచీలో పెట్టుకుని, పిల్లాడిని అత్తయ్య ఒళ్ళో కూర్చోబెట్టాను. అత్తయ్య నా వైపు చూడలేదు, వద్దనీ అనలేదు. కాలేజీ కాయితం బల్ల మీదే ఉండిపోయింది. మీ తాతయ్య గుమ్మం దాకా వచ్చి, "జాగ్రత్త" అని, ఎవరైనా విన్నారేమోనని వెనక్కి తిరిగి చూసుకున్నారు.

ఆ రోజు ప్యాసింజరు నిడుబ్రోలులో ఎందుకు ఆగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆగింది. ఏదో ఎక్స్‌ప్రెస్సు వెళ్ళింది, తర్వాత ఇంకోటి వెళ్ళింది. రైలు పెట్టెలో చేపల గంపలామె, "ఎక్కడికమ్మాయ్ అట్టా గోళ్ళు కొరుకుతున్నావ్?" అంది. చెప్పాను. "అయితే కొరుకు" అంది. బాపట్లలో దిగి రిక్షా ఎక్కి కాలేజీ ఆఫీసు గుమ్మంలో పడేసరికి గోడ గడియారంలో పన్నెండున్నర.

గుమాస్తా కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "మీ మావయ్యగారు వద్దన్నారు కదమ్మా?"

"ఉద్యోగం ఆయనకి కాదు కదండీ."

"పన్నెండు దాటిందిగా మరి." ఆయన చేతిలో రెండో పేరు వాళ్ళ కవరు ఉంది. జిగురు రాసి ఉంది, అతికించలేదు. నేను ఆ జిగురు వైపే చూస్తున్నాను. అతికించకుండా ఎందుకు కూర్చున్నాడో నాకు అర్థం కాలేదు. అప్పుడు లోపల గది తలుపు తెరుచుకుని మేడం బయటికొచ్చింది.

"వచ్చావా తల్లీ! కూర్చో, కూర్చో. పదిన్నరకి మీ అత్తగారు ఫోను చేశారు."

"మా అత్తయ్యా?"

"ఎంత గట్టిగా మాట్లాడతారమ్మా ఆవిడ! రిసీవరు ఇంత దూరం పెట్టుకున్నా. 'నా కోడలు బండెక్కింది, ఆ బండిని మీరు నమ్మొద్దు, నా కోడల్ని నమ్మండి. ఆ పోస్టు ఇంకొకళ్ళకి ఇచ్చారో నేనే వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటా' అన్నారు. నేను ఏదో చెప్పబోతే పెట్టేశారు."

నేను సంతకం చేశాను. రేపటి నుంచే రమ్మంది మేడం.

మా అత్తయ్య పెళ్ళయ్యాక ముప్పై నాలుగేళ్ళలో ఫోను ముట్టుకోగా నేను చూడలేదు, ఎవరూ చూడలేదు. తాళం ఆవిడే తీసిందా, ఆయనే తీసిచ్చారా, నంబరు ఎవరు తిప్పారు, ఇవేవీ నాకు ఇప్పటికీ తెలియవు. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి మావయ్యగారు పడక్కుర్చీలో పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. మీ తాతయ్య, "నేను ముందే అన్నాగా, వచ్చుద్దని" అన్నారు. ఆయన ఎవరితో అన్నారో, ఎప్పుడన్నారో మీ తాతయ్యకే తెలియాలి. అత్తయ్య వంటింట్లో పీట మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. మీ నాన్న ఆవిడ వీపు మీద ఎక్కి ఉన్నాడు. నేను ఎదురుగా కూలబడ్డాను.

"అత్తయ్యా, కాలేజీకి ఫోను చేశారంట?"

"నేనా? నాకు ఫోను చెయ్యడం వచ్చా?" ఆవిడ చేటలోంచి తలెత్తలేదు. ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "పొద్దున బండి ఎన్నింటికి?"

"ఏడూ పదికండి."

"అయితే ఆరున్నరకల్లా క్యారేజీ కట్టేస్తా. వంకాయ కూరైతే చాలా, పచ్చడి కూడా పెట్టనా?"